బ్యాటరీ మీద ఇల్జామ్



కారు సెల్ఫ్ తీసుకోకపోతే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "బ్యాటరీ పోయింది". కొత్తది వేసినా మళ్ళీ అదే అయితే రెండో మాట "దుకాణంవాడు మోసం చేశాడు". ఒకసారి మీటరు పెట్టి చూద్దాం అన్న మాట మూడోదిగా కూడా రాదు. మన మొహల్లాల్లో మోటారు పనితో బతికే ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. డెంటింగ్, పెయింటింగ్, రేడియేటరు, సీట్లు కుట్టడం, వైరింగ్, బ్యాటరీ. ఈ హునర్ మన చేతుల్లో ఉంది, తొందరపాటు కూడా మన నోళ్ళలోనే ఉంది. నిరుడు ఎండాకాలం ఈ తొందర మా ఖాందాన్‌లో రెండు ఇళ్ళ మధ్య తలుపు వేసేసింది. ఇంకో ఇంట్లో అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

మా తమ్ముడు గుంటూరులో కారు కిరాయికి తిప్పుతాడు. బండి సొంతమే, కిస్తీలు ఇంకా ఉన్నాయి. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక రిటైర్డ్ మాస్టారిని డయాలసిస్‌కు తీసుకెళ్తాడు. మిగతా రోజులు స్టేషన్ కిరాయిలు, పెళ్ళిళ్ళు, గన్నవరం ఎయిర్‌పోర్టు. మాస్టారి కిరాయి చిన్నదే, కానీ అది ఖాయమైన రోజీ. అంతకు మించి ఆ ఇంటివాళ్ళకు తమ్ముడి మీద భరోసా. ఒకరోజు ఆ వేళకే బండి టక్ టక్ అని ఊరుకుంది. తమ్ముడు ఆటో పిలిచి మాస్టారిని ఎక్కించి, ఆటో డబ్బులు తనే ఇచ్చాడు.

ఆ బ్యాటరీ నాలుగేళ్ళది. మన ఎండలకు నాలుగేళ్ళు ఆగిందంటే దాని హక్ అది తీర్చుకున్నట్టే. చలి బ్యాటరీని ఆ పూటకు నీరసపరుస్తుంది, ఎండ దాని ఉమ్ర్‌నే తగ్గిస్తుంది. అందుకే ఎవరికీ షక్ రాలేదు. మా ఖాలూకు బ్యాటరీల దుకాణం ఉంది. అమ్మీ సొంత చెల్లెలి భర్త ఆయన. ఆయన దగ్గరే కొత్తది వేయించాం. పదిహేను రోజులకు మళ్ళీ అదే టక్ టక్. ఖాలూ ఒక్క మాట కూడా అడగకుండా వారంటీలో మార్చి ఇంకొకటి ఇచ్చారు. పదకొండో రోజున అదీ పడుకుంది. ఒక మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేసి మీటరు పెట్టి "13.9 వస్తోంది భాయ్, ఛార్జింగ్ బాగానే ఉంది, మాల్‌లోనే తేడా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని తమ్ముడు దుకాణానికి వెళ్ళాడు. గిరాకీలు నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందే "ఖాలూ, బంధువులకే పాత మాల్ అంటగడితే బయటవాళ్ళ సంగతేంటి?" అన్నాడు. ఖాలూ జవాబు ఇవ్వలేదట. గల్లా తీసి బ్యాటరీ డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టారట. తమ్ముడు ఆ డబ్బు తీసుకోకుండా వచ్చేశాడు. డబ్బు చేతులు మారలేదు, ఇజ్జత్ మాత్రం పోయింది. బక్రీద్‌కు ఇంకా రెండు వారాలు ఉంది. అమ్మీకి ఒకటే ఫికర్: "నా చెల్లెలింటికి హిస్సా ఈసారి ఎవరు తీసుకెళ్తారు?"

మా అబ్బా ఆటో ఎలక్ట్రీషియన్. ఇప్పుడు లేరు. పిల్లలందరిలో ఆయన పక్కన టార్చ్ పట్టుకుని కూర్చున్నది నేను. తమ్ముళ్ళు క్రికెట్‌కు పోయేవాళ్ళు. ఆ రోజుల్లో బ్యాటరీ పైన తారు పూసి ఉండేది. అది కరిగించి, పోయిన సెల్ ఒక్కటే బయటికి తీసి, కొత్త ప్లేట్లు పెట్టి మళ్ళీ మూసేవాళ్ళు. ఇప్పటి బ్యాటరీ పెట్టె మొత్తం అతికించి వస్తుంది, సెల్ పోతే పెట్టె అంతా పారేయాల్సిందే. అందుకే ఇప్పుడు రిపేరు హునర్ కన్నా పరీక్ష హునర్ ఎక్కువ కావాలి. అబ్బా వదిలివెళ్ళిన మల్టీమీటరు నా దగ్గర ఉంది. నేను స్కూల్లో సైన్సు చెప్తాను.

"బండి ఆదివారం ఇక్కడ వదిలిపెట్టు" అన్నాను.

"ఆపా, నువ్వు పిల్లలకు పాఠం చెప్పుకో. బండి సంగతి మాకు వదిలేయ్" అన్నాడు తమ్ముడు.

అమ్మీ వంటింట్లో నుంచే అంది: "మీ అబ్బా మీటరు దాని దగ్గర ఉంది. నీ దగ్గర నోరుంది. బండి వదిలి వెళ్ళు."

చూసిన వరుసలోనే చెప్తాను. మీకూ పనికొస్తుంది.

ముందు బ్యాటరీ సంగతి. దాంట్లో ఆరు గదులు ఉంటాయి, ఒక్కో గది 2.1 వోల్టులు. లోపల సీసం ప్లేట్లు, గంధకపు తేజాబ్. కరెంటు వాడుకుంటున్నప్పుడు తేజాబ్‌లోని గంధకం ప్లేట్ల మీద సల్ఫేట్‌గా పేరుకుంటుంది, తేజాబ్ పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే అది మళ్ళీ తేజాబ్‌లోకి దిగుతుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీ కూడా ఈ పద్ధతిలోనే పనిచేసింది. ఖాళీ అయినా మళ్ళీ నింపుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. కానీ ఖాళీ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. 'ఛార్జ్ ఎక్కని బ్యాటరీ' అని మనం అనేవాటిలో చాలా భాగం ఇవే.

అందుకని మొదట బ్యాటరీని బండి నుంచి విప్పి, ఖాలూ దుకాణం కాకుండా వేరే చోట రాత్రంతా ఛార్జింగ్ పెట్టించాను. తర్వాత ఒక రోజంతా దేనికీ కలపకుండా అలాగే ఉంచాను. ఛార్జర్ తీసిన వెంటనే వచ్చే లెక్క పైపై లెక్క, దాన్ని నమ్మకూడదు. రోజు గడిచాక మీటరు 12.64 చూపించింది. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. ఒక గది చచ్చిపోతే 10.5 దగ్గరే ఆగిపోతుంది. మా బ్యాటరీ నిండుగా ఉంది, పట్టుకుని కూడా ఉంది. ఖాలూ ఇచ్చిన మాల్ మీద ఇల్జామ్ అక్కడికే సగం తేలిపోయింది.

రెండోది, బండి నిద్రలో కరెంటు తాగుతోందా అని. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టాలి. తలుపులన్నీ మూసి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగాలి. బండిలోని కంప్యూటర్లు పడుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరే కాలిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు వస్తే ఫికర్ లేదు. మాకు 30 వచ్చింది. డిక్కీ లైటు, కొత్తగా పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ డబ్బా, అన్నీ బేకసూర్.

మూడోది సెల్ఫ్. తమ్ముణ్ణి స్టార్ట్ చేయమని, నేను బ్యాటరీ టెర్మినళ్ళ మీదే మీటరు పట్టుకున్నాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ మీద షక్ పడాలి. మాది 11.2 కన్నా కిందికి దిగలేదు. అయినా సెల్ఫ్ బరువుగా, నడుము పట్టేసిన మనిషిలా తిరిగింది. నాకు అసలు దారి దొరికింది ఇక్కడే. బ్యాటరీ బలం తగ్గలేదు, సెల్ఫ్‌కు బలం అందడం లేదు. అంటే మధ్యలో ఎవరో తింటున్నారు.

నాలుగోది ఇంజన్ నడుస్తుండగా. అన్నీ ఆపి చూస్తే 13.9. మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. మామూలు బళ్ళలో 13.8 నుంచి 14.5 దాకా రావాలి, ఇది ఆ లోపలే ఉంది. అబ్బా మాట ఒకటి గుర్తుంది: "ఖాళీ బండిని కాదు, బరువేసిన బండిని తూకం వేయాలి." ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు, అన్నీ వేయించాను. టెర్మినళ్ళ మీద 13.0కు పడిపోయింది. అదే సమయంలో ఆల్టర్నేటర్ దగ్గరే మీటరు పెట్టి చూస్తే 14.3. అక్కడ 14.3 పుడుతోంది, ఇక్కడికి 13 చేరుతోంది. 13 వోల్టులతో బ్యాటరీ నిండదు. ఎండాకాలం, ఏసీ ఆగదు, రాత్రి కిరాయిల్లో లైట్లు ఆగవు. రోజూ ఖర్చు ఎక్కువ, ఆమ్‌దనీ తక్కువ. పదిహేను రోజుల్లో దివాలా తీయక ఏం చేస్తుంది?

ఇక 1.3 వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకాలి. లోడు అలాగే ఉంచి, మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటర్ ప్లస్ మీద, ఇంకో ముల్లు బ్యాటరీ ప్లస్ మీద పెట్టాను. 0.15. ఆ వైరు మంచిదే. తర్వాత ఒక ముల్లు ఇంజన్ ఇనుము మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టాను. ఇక్కడ 0.2 దాటకూడదు. 1.15 వచ్చింది.

దొంగ దొరికాడు. ఇంజన్‌ను బ్యాటరీ మైనస్‌తో కలిపే ఎర్త్ వైరు. పైకి చూస్తే చక్కగా ఉంది, బోల్టు బిగుతుగా ఉంది. గొట్టం చీరితే లోపల రాగి పోగులు పచ్చటి పొడి అయిపోయాయి. సగానికి పైగా తెగి ఉన్నాయి. తమ్ముడు ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. మనం ప్లస్ వైరునే వైరు అనుకుంటాం. కానీ వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి కదా. తిరిగొచ్చే దారి మూసుకుపోతే వెళ్ళే దారి ఎంత వెడల్పున్నా ఫాయిదా లేదు.

కొత్త ఎర్త్ వైరు, పట్టీలతో సహా మూడు వందల యాభై రూపాయలు. వేశాక అన్ని లైట్లూ ఏసీ వేసి చూస్తే టెర్మినళ్ళ మీద 14.1. సెల్ఫ్ అర సెకనులో అందుకుంది. ఆ బ్యాటరీయే ఇప్పటికీ నడుస్తోంది, షుక్ర్ అల్హందులిల్లాహ్.

అందరి బళ్ళలోనూ ఇదే ఉంటుందని కాదు. ఫ్యాన్ బెల్టు వదులైతే జారుతుంది, తడిసినప్పుడు కీచుమంటుంది. ఆల్టర్నేటర్‌లో కార్బన్లు అరిగిపోవచ్చు. డయోడు పోతే ఛార్జింగ్ సగమే వస్తుంది, బండి ఆపాక రాత్రంతా కరెంటు వెనక్కి కూడా కారుతుంది. రెగ్యులేటరు పోతే 15 వోల్టులు దాటి తేజాబ్ ఉడికిపోతుంది, కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. పాత బళ్ళలో ఇంకో తమాషా ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెనకున్న బల్బు మాడిపోతే చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగ్ మొదలే పెట్టవు, ఆ బల్బు గుండా వచ్చే చిన్న కరెంటే వాటిని లేపుతుంది. కొన్ని కొత్త బళ్ళలో కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, అక్కడ ఒక్కసారి చూసిన లెక్కతో ఫైసలా చేయకూడదు. ఇంట్లో పెట్టుకునే ఆటోమేటిక్ ఛార్జర్లు మరీ ఖాళీ అయిన బ్యాటరీని గుర్తుపట్టక ఎర్ర లైటు చూపిస్తాయి. దాని అర్థం బ్యాటరీ చచ్చిందని కాకపోవచ్చు, దుకాణంలో పెద్ద ఛార్జర్ మీద నెమ్మదిగా పెట్టించి చూడండి. రోజుకు రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి ఏ రోగమూ లేకపోయినా బ్యాటరీ నిండదు, ఒక్క సెల్ఫ్‌కు ఖర్చయింది తిరిగి చేరేలోపే ఇల్లు వచ్చేస్తుంది.

ఇంట్లో ఇది చేసేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ, అగ్గిపుల్ల, నిప్పురవ్వ ఉండకూడదు. మూతలున్న బ్యాటరీ అయితే తగ్గింది నీళ్ళే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్ళు వద్దు, తేజాబ్ అసలు వద్దు. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుంటే తినే సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక కాస్త వ్యాజిలిన్ రాయండి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు, పిల్లలు దూరంగా.

పాత బ్యాటరీని గల్లీలో పగలగొట్టి సీసం తీసేవాళ్ళకు అమ్మకండి. కాస్త ఎక్కువ ఇస్తారు, నిజమే. కానీ ఆ సీసం దుమ్ము ఆ గల్లీ పిల్లల ఒంట్లోకే వెళ్తుంది, వాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ గల్లీలు ఎక్కువగా ఎవరి మొహల్లాల్లో ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు. పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ మీద 2001 నుంచే నియమాలు ఉన్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయడం అన్నిటికన్నా మేలు. మంచి బ్యాటరీని చెడ్డదని పారేసిన ప్రతిసారీ ఆ సీసం మళ్ళీ ఎక్కడో కరగాల్సిందే, అదీ లెక్కలోకి రావాలి.

ఇక ఖాలూ సంగతి. తమ్ముడు ఫోన్ చేసి మాఫీ అడుగుతానన్నాడు. అమ్మీ ఒప్పుకోలేదు. "నలుగురి ముందు తీసిన ఇజ్జత్‌ను ఫోన్లో ఎలా తిరిగిస్తావు? ఎక్కడ అన్నావో అక్కడికే వెళ్ళు. గిరాకీలు ఉన్న వేళ చూసి వెళ్ళు" అంది. సాయంత్రం అసర్ తర్వాత దుకాణం రద్దీగా ఉండగా వెళ్ళాడు. ఆ కుళ్ళిన ఎర్త్ వైరు బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా "ఖాలూ, మీ మాల్‌లో ఖోట్ లేదు. ఖోట్ నా బండిలో ఉంది, నా మాటలో ఉంది. మాఫ్ చేయండి" అన్నాడు. ఖాలూ ఆ వైరును అటూ ఇటూ తిప్పి చూశారట. తర్వాత ఒకటే అడిగారట: "మాస్టారు ఎలా ఉన్నారు? ఆ రోజు టైముకి చేరారా?"

బక్రీద్ హిస్సా తమ్ముడే తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఖాలూ దుకాణంలో ఒక కొత్త ఖాయిదా వచ్చింది. ఎవరైనా బ్యాటరీ కావాలని వస్తే ముందు బండి స్టార్ట్ చేయించి, లైట్లు, ఏసీ వేయించి, మీటరు పెడతారు. దాంతో కొన్ని బ్యాటరీలు అమ్ముడుపోవు. ఆ నుక్సాన్ గురించి అడిగితే ఖాలూ నవ్వి "తిరిగొచ్చే బ్యాటరీలు కూడా తగ్గాయమ్మా" అంటారు.

మీ బండి మొండికేస్తే డబ్బు తీసే ముందు మూడు మాటలు అడగండి. బ్యాటరీని నింపి, రోజంతా ఉంచి చూశారా? బండి నిద్రలో ఎంత తాగుతోంది? లోడు వేసి, ఎర్త్ వైపు కూడా కొలిచారా? ఈ మూడింటికీ జవాబు దొరికే దాకా ఎవరి మీదా ఇల్జామ్ వేయకండి. మల్టీమీటరు బ్యాటరీ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. ఇంట్లో ఒకటి పెట్టుకోండి, అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకు కూడా పట్టుకోవడం నేర్పండి.